పచ్చయమ్మ చెప్పించిన పాఠాలు

ఇంట్లో కూడా పిల్లల చేత చదివించండి అని తల్లులకు చెప్పడం మా పంతులమ్మలకు మహా ఇష్టం. ఆ ఇంట్లో చదువు వచ్చినవాళ్లు ఉన్నారా అని మాత్రం అడగం. నేనూ అడగలేదు. పచ్చయమ్మ గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

1913లో నేను వేలూరు దగ్గర గుడియాత్తం మిషన్ బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. పచ్చయమ్మ నేతగాళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టేది. మొగుడు పోయాడు, నా తరగతిలో చదివే మేరి ఒక్కతే కూతురు. తెలుగు గలగలా మాట్లాడేది గానీ అక్షరం ముక్క రాదు. మేరి ఆ ఏడు పరీక్ష గట్టెక్కితే వేలూరులో హాస్టలు బడి, కూడూ గుడ్డా వాళ్లే చూసుకుంటారు. తప్పితే మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. ఇక తల్లి పక్కన కూర్చుని దారం చుట్టుకోవడమే.

ఇంట్లో చదివించమన్న నా మాట పచ్చయమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. రోజూ బడి వదిలాక తాను రాట్నం ముందు కూర్చుని, బడిలో నేను చెప్పిన పాఠం మేరి చేత చెప్పించేది. ఒక కండె నిండితే ఒక పుట తిప్పాలి. విని విని పుస్తకమంతా ఆమెకు నోటికి వచ్చేసింది. మేరి ఒక్క మాట మింగినా రాట్నం ఆపి, నిన్న అట్లా చెప్పలేదే అని మళ్లీ మొదటినుంచి చెప్పించేది. కొత్త మాట వస్తే నన్నడిగి అర్థం తెలుసుకుని, బిడ్డకు అలవాటు కావాలని ఇంట్లో అదే వాడేది. 'యాడ' మానేసి 'ఎక్కడ' అంటుంటే పెద్ద పంతులమ్మ వచ్చిందని వీధిలోవాళ్లు ఆటపట్టించారు. ఆమె లెక్కచేయలేదు.

దాంతో మేరికీ అంతా కంఠతా వచ్చి, పుస్తకం చూడాల్సిన పనే లేకపోయింది. ఆ సంగతి నాకు తెలియాలి కదా? క్లాసులో గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతుంటే మురిసిపోయాను. ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటే అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

పరీక్ష పెట్టడానికి వేలూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా పుస్తకం పక్కన పెట్టి, తన సంచిలోంచి వేరే వాచకం తీసి మేరి చేతికిచ్చాడు. అందులో పడవ బొమ్మ ఉంది. మేరి దాన్ని రెండు చేతులా పట్టుకుని, మా పుస్తకంలోని కాకి పాఠం ఖంగుమని అందుకుంది. ఆయన ఆపలేదు, పుట తిప్పాడు. ఆమె తర్వాతి పాఠం మొదలుపెట్టింది. పిల్లలు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మేరి గొంతు ఇంకా పెంచింది. నాకు తలెత్తుకోవడం చేతకాలేదు.

మేరి పరీక్ష తప్పిందని చెప్పడానికి ఆ సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాను. ఏ మాట దగ్గర తప్పిందని పచ్చయమ్మ అడిగింది. ఒక్క మాటా తప్పలేదని, చెప్పడం వేరు, చదవడం వేరని వివరించాను. అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు చెప్పినట్లే చేసినాను గదమ్మా. అయితే నా బిడ్డను నేనే చెడగొట్టినానా?"

కాదు, నేనూ మా బడీ అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. పక్కన మేరి నా ముఖంలోకే చూస్తోంది. అది బడిదాకా వెళితే నా ఉద్యోగం ఏమవుతుందో అనిపించి, లేచి గడప దాటాను.

పచ్చయమ్మ మరునాటినుంచి బిడ్డను బడికి పంపలేదు.