బూట్లు ఆరేదాకా

నా చిన్నప్పుడు మా నాయన ఇంటికి వస్తున్నాడని వీధి మలుపులోనే తెలిసిపోయేది. పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన బూట్ల చప్పుడు గట్టిగా ఉండేది. సాయంత్రానికి వాటి అడుగు అట్టలు నేలను ఈడ్చుకుంటూ వచ్చేవి. ఆ ఈడ్పును బట్టి ఆ రోజు ఎంత దూరం తిరిగాడో అమ్మ చెప్పేసేది.

నాయన మశూచి టీకాలు వేసే సర్కారు ఉద్యోగి. మేము బేస్తవారిపేటలో ఉండేవాళ్ళం. అక్కడి నుంచి అర్ధవీడు వైపు, అడవి అంచుదాకా ఉన్న పల్లెలన్నీ ఆయన తిరగవలసినవే. టీకా అంటే జనానికి భయం. నాయన కనబడగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేలల్లోకి పోయేవాళ్ళు. వాళ్ళను వెతికి, బతిమాలి, టీకా వేసి, పొద్దు గూకేలోగా ఇంకో పల్లె చేరాలి. ఆయనకు ముందు ఆ పని చేసినాయన జ్వరంతోనే తిరిగి తిరిగి ఒకనాడు దారిలో కూలిపోయాడట. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, అప్పటి నుంచి నాయన కాస్త ఆలస్యమైతే చాలు, అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయేది.

అంతకు ముందు నాయన చెప్పులతోనే తిరిగేవాడు. ఒక ఎండాకాలం మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. మానడానికి చాలా కాలం పట్టింది. అప్పుడు హనుమంతునిపాడు నుంచి మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాయన, వచ్చాడు. ఆయన చెప్పులు కుట్టేవాడు, బావుల్లో నీళ్ళు తోడే తోలు బొక్కెనలు కట్టేవాడు. అల్లుడికి బూట్లు కొనిపించాలని మమ్మల్ని బండిలో మార్కాపురం తీసుకుపోయాడు. మధ్యాహ్నానికే చేరినా వెంటనే దుకాణానికి పోనివ్వలేదు. నాయనను ఊరంతా తిప్పాడు. నడిచి నడిచి వాచిన కాలికే కొలత చూసుకోవాలట.

శెట్టి దుకాణం మెట్టెక్కే అలవాటు తాతయ్యకు లేదు. శెట్టి బూట్లు తెచ్చి కింది మెట్టు మీద పెట్టేవాడు. తాతయ్య ఒక్కొక్కటీ తీసుకుని వంచి చూసేవాడు, వాసన చూసేవాడు, బొటనవేలితో ఒత్తేవాడు. అద్దంలా మెరిసే జత ఒకటి నాయనకు నచ్చింది. తాతయ్య దాన్ని పక్కన పెట్టేశాడు.

“అదంతా పైమెరుగు అల్లుడా. అట్టకు మేకులు కొట్టినారు, చూడు. కుట్టింది తీసుకో. పాతబడితే మల్లా కుట్టుకోవచ్చు. బూట్లు కుట్టను నాకు రాదు గానీ, తోలు సంగతి నాకు తెలుసు.”

నాయన మెరుపులేని, కుట్టిన జతనే కొన్నాడు. సాయంత్రం వాటి దుమ్ము తుడవడం, ఆదివారం ఆముదం చుక్క వేసి మెత్తగా రుద్దడం నా పనయింది. బూట్లకు అంత సేవ జరుగుతున్నా, వేసుకునే మనిషి మాత్రం రోజురోజుకూ చిక్కిపోతూనే ఉన్నాడు.

ఒక వానకాలం నాయన పొంగుతున్న వాగు దాటుకుని, నిలువునా తడిసి, వణుకుతూ ఇంటికి వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది. అయినా బూట్లు విప్పి పొయ్యి పక్కన పెట్టి, పొద్దున్నే మళ్ళీ పోవాలన్నాడు. అమ్మ ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. ఆయన వినలేదు. అప్పుడు తాతయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. వచ్చి బూట్లను పొయ్యి దగ్గర నుంచి తీశాడు.

“సెగ తగిలితే తోలు చిట్లిపోతది అల్లుడా. నీడనే ఆరాల. నాలుగు దినాలన్నా పడతది.”

“అంత కాలం కూసుంటే పనెట్ల జరుగుతది మామా?”

“తడి బూట్లేసుకుంటే మడమ మల్లా చీము పట్టదా? ఇంక నీ ఇష్టం.”

నాయన మడమ తడుముకున్నాడు. వెళ్ళి మంచం మీద వాలాడు. అంత నిద్ర ఆయన ఒంట్లో ఎన్నాళ్ళ నుంచి దాగి ఉందో, మరునాడంతా లేవలేదు.

బూట్ల నిండా ఎండుగడ్డి కూరి, పొద్దునా సాయంత్రం మార్చమని తాతయ్య నాకు చెప్పాడు. కొన్నిసార్లు మార్చాక, బయటికి తీసిన గడ్డి పెట్టినప్పటిలాగే గలగలమంటోంది. చేయి పెట్టి చూశాను. లోపల ఎక్కడా తడి లేదు. పరుగున వెళ్ళి తాతయ్యకు చెప్పాను. అప్పుడే నాయన లోపలి నుంచి అడిగాడు, ఆరినాయా అని. ఇంకా చెమ్మగానే ఉన్నాయని తాతయ్య కేకేశాడు. నేను తెల్లబోయి చూశాను. ఆయన నన్ను దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాడు.

“బూట్లు ఆరినాయిలే అమ్మా. మీ నాయనే ఇంకా ఆరలా.”

వాటి మీద కాసిని నీళ్ళు చల్లి ఉంటే అబద్ధమాడే పని ఉండేది కాదు. కానీ మంచి తోలును చెడగొట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ లేచినా, తాతయ్య ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

మరునాడు తెల్లవారుతుండగా నాయన వసారాలోకి వచ్చాడు. జ్వరం దిగినట్టుంది, కానీ గోడ పట్టుకునే నడుస్తున్నాడు. వంగి ఒక బూటు తీసుకుని లోపల చేయి పెట్టాడు. వేళ్ళు కొనదాకా పోనిచ్చి తడిమాడు. మంచం మీద తాతయ్య దుప్పటి ముసుగేసుకుని, నిద్రపోతున్న మనిషి పెట్టనంత గురక పెడుతున్నాడు. నాయన బూటును ఎక్కడిది అక్కడ పెట్టేశాడు. పొయ్యి రాజేస్తున్న అమ్మతో, “ఇంకా తడిగానే ఉండాయి,” అని చెప్పి మళ్ళీ పోయి పడుకున్నాడు. అమ్మ ముఖం అంత తేలిక పడడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత నాయన అలసట తీరిపోయిందని చెప్పలేను. మళ్ళీ అవే దారులు, అవే పల్లెలు. చాలా ఏళ్ళు తిరిగాడు. కానీ దారిలో కూలిపోలేదు. ముసలివాడై, మా అందరి మధ్య ఇంట్లోనే కన్నుమూశాడు.

బాధ్యత నెత్తిన ఉన్న మనిషిని పడుకోమంటే పడుకోడు. పడుకోవడానికి ఒక సాకు చేతికివ్వాలి. అది నాకు తాతయ్య దగ్గర అబ్బింది. ఇప్పుడు మా కోడలు బడిలో పాఠాలు చెప్పి, బస్సులో నిలబడి ఇంటికొచ్చి, సంచీ దించగానే వంటింట్లోకి పోతుంది. కూర్చోమంటే వినదు. “పప్పు ఇంకా నానలేదమ్మా, కాసేపు ఆగాల,” అంటాను. ఆమె గిన్నెలో వేళ్ళు పెట్టి ఒక గింజ నలిపి చూస్తుంది. అది మెత్తగా చితికిపోతుంది. “అవునత్తా, ఇంకా గట్టిగానే ఉంది,” అంటూ వచ్చి నా పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది.