వంపుకి బయటి గట్టు

గోదావరి మలుపు తిరగాలంటే ముందు మా తాత సత్తియ్య దగ్గర చీటీ రాయించుకోవాల్సిందే. నమ్మనివాళ్ళు ఆయన్ని అడక్కండి, నన్నడగండి. ఆయన కాలవ లస్కరు, గట్లు కాసే ఉద్యోగం. పి.గన్నవరం కింద గట్టు మీద ముప్ఫై ఏళ్ళు నడిచాడు. రిటైరయ్యాక గట్టు వదిలింది గానీ బెంగ వదల్లేదు. పెళ్ళిభోజనానికి వెళ్ళినా పందిరి గుంజల్ని ఓసారి కదిపి చూస్తేనే గాని విస్తరి ముందు కూర్చోడు.

తొంభై ఆరు వేసవిలో ఆ బెంగంతా ఒక ఇనప గొట్టం మీదికి మళ్ళింది.

ఆయన పెద్దకొడుకు రాజబాబు ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువు వేశాడు. పక్క చెరువుకి తెగులు తగిలింది. అక్కడ చచ్చిన రొయ్యని కాకి ముక్కున పట్టుకొచ్చి ఇక్కడ పడేసిందంటే ఈ చెరువూ పోయినట్టే. కాకుల్ని బెదరగొట్టడానికి రాజబాబు కార్బైడు తుపాకీ చేయించాడు. గొట్టంలో గ్యాసు పట్టించి నిప్పు చూపిస్తే 'ఢాం'మంటుంది. అయితే మోతంతా కొబ్బరితోటలోకి పోతోంది, చెరువేమో పక్కకుంది. అందుకని అమలాపురం తీసుకెళ్ళి గొట్టాన్ని బారెడు పొడుగు చేయించి, మధ్యలో వంపు తిప్పించుకొచ్చాడు. వంపుకి బయటివైపు కొబ్బరిచెట్టు నీడ ఉంది. పేల్చేటప్పుడు కూర్చోడానికి ముక్కాలిపీట అక్కడ వేసుకున్నాడు.

సత్తియ్య వచ్చి గొట్టం చూడలేదు, పీట చూశాడు.

"పీట లోపలేపు ఏసుకోరా."

"అటేపు ఎండండీ, నాన్నగారూ."

"వంపులో కోత బయటి గట్టుకే పడతాది. లోపలేపు ఇసక మేటేస్తాది."

రాజబాబు నవ్వాడు. "ఆయ్, అది గోదారికండీ. ఇది గాలి. మీ గట్టు మన్ను, నా గట్టు ఇనుం."

"జోరుగా వచ్చేది ఏదైనా తిన్నగానే పోదామనుకుంటాది. వంపు అడ్డం నిలబడితే దాన్నే కొడతాది."

రాజబాబు పేల్చాడు. కాకులు లేచిపోయాయి. గొట్టానికేమీ కాలేదు. సత్తియ్య బెంగ మాత్రం తగ్గలేదు. గట్టు కదులుతోందని అనుమానం వస్తే పగులు మీద బంకమన్ను మెత్తి, మన్ను చీలుతుందేమో చూడటం ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న పని. దోసెడు మన్ను తెచ్చి, గొట్టం చల్లారాక వంపు చుట్టూ మెత్తాడు. అది ఎండేదాకా దాని ముందే గొంతుక్కూర్చున్నాడు.

మళ్ళీ మోగింది. లోపలివైపు మన్ను అతుక్కునే ఉంది. బయటివైపుది పెచ్చుగా ఊడి పీట కాళ్ళ దగ్గర పడింది. కాసేపాగి సత్తియ్య అక్కడ అరచెయ్యి వేస్తే ఇనుము కొంచెం ఉబ్బినట్టు తగిలింది.

"మన్ను రాలితే ఇనుం పగిలిపోద్దాండీ? మీకెక్కడ చూసినా గండ్లే," అన్నాడు రాజబాబు, మళ్ళీ గ్యాసు పట్టిస్తూ.

కాకులు వచ్చేస్తున్నాయి. కొడుకుని తిడదామంటే వాడు ముగ్గురు పిల్లల తండ్రి. రెక్క పట్టి లాగుదామంటే తనకి సత్తువ లేదు. సత్తియ్య వెళ్ళి ఆ పీట మీద తనే కూర్చున్నాడు.

"ఎలిగించు."

"లేవండి నాన్నగారూ."

"ఏం కాదన్నావుగా. ఎలిగించు."

రాజబాబు నిప్పు పక్కకి తీశాడు. ఒక కాకి నీళ్ళ మీదికి వాలబోతోంది. రాజబాబు విసుక్కుంటూ తండ్రిని లేపి, పీటని లోపలివైపుకి, ఎండలోకి గిరాటేశాడు. ఇద్దరూ అటే నిలబడ్డాక నిప్పు చూపించాడు.

ఈసారి 'ఢాం' కాదు, చెవుల్లో ఏదో తెగినట్టయింది. పొగ విడిపోయాక చూస్తే వంపు బయటివైపు జానెడు మేర నోరు తెరుచుకునుంది. పీట మీద కూర్చున్న మనిషి గుండె ఎక్కడుంటుందో సరిగ్గా ఆ ఎత్తున, కొబ్బరిచెట్టులో ఇనప పెచ్చు దిగబడింది. లోపలివైపు మన్ను ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది.

రాజబాబు ఎండలో పీట మీద కూలబడ్డాడు. "కాకులెళ్ళిపోయాయండీ," అన్నాడు. ఆ మర్నాటి నుంచి కిరసనాయిలు డబ్బా వాయించి తోలాడు.

ఇంటరు తప్పిన తీరికలో ఇదంతా రాసి, మొన్న తాతకి చదివి వినిపించాను. మొదట్లో గోదారి చీటీ మాట దగ్గర నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆ చీటీ మాట కొట్టెయ్యవే. నేను కాసిన గట్టు వంపుకే రెండుసార్లు గండి పడింది. అది రాయి."