మా పెరట్లో రెండు బోండాలు

ఆ శనివారం ఉదయం మా పెరట్లో ఉన్నవాళ్లు: అమ్మ, నేను, హైదరాబాద్ నుంచి నాతో వచ్చిన ఆఫీసు స్నేహితుడు, వరసకు పెదనాన్న అయ్యే పక్కింటాయన, చెట్టు మీద కాయల దింపు తీస్తున్న మనిషి. ఉన్నవి: పద్నాలుగు కొబ్బరిచెట్లు, పెదనాన్నగారి ట్రాలీ ఆటో, నేల మీద పెరుగుతున్న కాయల రాశి.

చెట్లు మావి. కాయలు పెదనాన్నగారివి. నాన్న చనిపోయిన ఏడాదే నా ఇంజనీరింగ్ మూడో ఏడు. ఫీజు కోసం అమ్మ ఆ చెట్లను ఆయన దగ్గర రెండు లక్షలకు తాకట్టు పెట్టింది. వడ్డీ లేదు. బాకీ తీరేదాకా రెండు నెలలకోసారి వచ్చే దింపంతా ఆయనకే.

ఉద్యోగంలో చేరాక, ఏడాదిన్నర కిందటికే నా దగ్గర రెండు లక్షలు పోగయ్యాయి. లెక్క వేశాను. చెట్టుకు ఏడాదికి వంద కాయలు, కాయ పన్నెండు రూపాయలు. అంటే ఆ బాకీ మీద మాకు పడే వడ్డీ ఏడాదికి ఎనిమిదిన్నర శాతంలోపే. మ్యూచువల్ ఫండ్ అంతకంటే ఎక్కువ తెస్తోంది. బాకీని అలాగే ఉంచి డబ్బు ఫండ్‌లో పెట్టడమే తెలివనుకుని అలాగే పెట్టాను. బస్సులో వస్తూ ఆ లెక్క స్నేహితుడికి ఫోన్‌లో చూపించాను కూడా. అమ్మకు మాత్రం చూపించలేదు. డబ్బుందని తెలిస్తే చెట్లు విడిపించమంటుంది.

స్నేహితుడు పైకి చూసి, "కోనసీమ వచ్చి బోండాం తాగకుండా వెళ్లాలా?" అన్నాడు. నేను చిన్నప్పటి అలవాటు కొద్దీ, "రెండు లేత బోండాలు దించండి" అని చెట్టు మీదికి కేకేశాను. చెట్టు మీది మనిషి కత్తి ఆపి పెదనాన్నగారి వైపు చూశాడు.

అమ్మ గబగబా ముందుకొచ్చింది. "బావగారండీ, కుర్రోడు తెలీక అడిగేడండి. డబ్బులిచ్చేస్తాను, రెండిప్పించండి."

"చుట్టం వస్తే డబ్బులేంటమ్మా!" అని ఆయన రెండు దింపించారు. తర్వాత నాకేసి తిరిగి, "ఏం బాబూ, ఈ ఏడైనా విడిపించుకుంటావా, లేపోతే నన్నే ఇక్కడ పాక వేసేసుకోమంటావా?" అని నవ్వారు.

"ఎక్కడండీ!" అంది అమ్మ. "వాడి జీతం అద్దెకీ తిండికీ చాలట్లేదండి."

"లక్షల్లో జీతాలంటారు కదమ్మా?"

"ఆయ్, అనడానికేనండి. మొన్న క్రిస్మస్‌కి చొక్కా కూడా నేనే కొన్నాను."

నేను వేసుకున్నది ఆ చొక్కానే. స్నేహితుడు నా వైపు చూడలేదు. చేతిలో బోండాం అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

ట్రాలీ బయల్దేరబోతుంటే, ఆయన వద్దంటున్నా వినకుండా అమ్మ నలభై రూపాయలు సీటు మీద పెట్టి వచ్చింది.

సోమవారం ఫండ్ అమ్మేశాను. డబ్బు నా ఖాతాలో పడ్డాక అమ్మకు పంపించి, ఫోన్ చేసి, "బోనస్ వచ్చింది, చెట్లు విడిపించెయ్" అన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "వచ్చిన రోజే పంపేడండి" అని అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది. పెదనాన్నగారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. నేను థాంక్స్ చెప్పాను.

ఆ డబ్బు నా దగ్గరుండగా మా పెరట్లోంచి ట్రాలీలో వెళ్లిపోయిన దింపులు తొమ్మిది.