మునెమ్మవ్వ చెప్పకూడని పేరు

మనవడికి దగ్గు పట్టుకుంటే నిన్న మధ్యాహ్నం కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాను. ఆవిరి లేచి ముక్కుకు తగలగానే గరిటె పక్కన పెట్టేశాను. ఆ వగరు వాసన ఎవరికైనా కషాయాన్ని గుర్తుకు తెస్తుంది. నాకు సున్నపు గానుగను, దాని పక్కన నడుం వంచి నిలబడ్డ మునెమ్మవ్వను, ఆమె వెనక వరదరాజులు నవ్వును గుర్తుకు తెస్తుంది. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ప్రతిదానికీ స్వామికి దణ్ణం పెట్టుకునే మనిషిని నేను. వాన పడితే దణ్ణం పెడతాను, పడకపోతే బావిలో నీళ్ళున్నందుకు పెడతాను. చూసి మా కోడలు నవ్వుకుంటుంది. అలాంటి నాకు ఆ మనిషి నవ్వు తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది. నా మీద నాకున్న కోపం దానికంటే పెద్దది. అది ఎందుకో తెలియాలంటే మునెమ్మవ్వ ఎవరో ముందు చెప్పాలి.

చంద్రగిరిలో మాది కోటకు పోయే దారిలో మిద్దె ఇల్లు. నాయన రైల్వేలో గుమాస్తా. నాకు బడి లేదు. తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ అన్నీ నాయనే సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పించాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా మిద్దె కురవడం మొదలైతే బాగుచెయ్యడానికి మునెమ్మవ్వ వచ్చింది. వాళ్ళ ఇంటిల్లిపాదీ సున్నం పనివాళ్ళు. భర్త మేస్త్రి, గోడలకు పూత పూసేవాడు. ఈమె గానుగలో సున్నం, ఇసుక వేసి, కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి వెన్నలా నూరించేది. భర్త పోయాక పూత పని కూడా తానే పట్టుకుంది. నూరిన సున్నాన్ని గోరు మీద రాసుకుని ఎండలో నిలబడి చూసేది. నచ్చకపోతే మళ్ళీ గానుగకు ఎద్దును కట్టేది. మూడోసారి కట్టినప్పుడు నాకు విసుగొచ్చి, "ఇంక చాల్లే అవ్వా, మెత్తగానే ఉంది గదా" అన్నాను.

"నీ కంటికి మెత్తగుండాది" అంది ఆమె. "వానకు కండ్లు ల్యావు పాపా. దానికి వేళ్ళుంటాయి. యాడ సందుంటే ఆడ పెడతాది."

ఆ మాట నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఆ మిద్దె మళ్ళీ కురవలేదు. నేను మాత్రం ఆ పూట నుంచి ఆమె వెంట పడ్డాను. కోటలో మహలు గోడలకు మరమ్మతు జరిగినప్పుడు వాళ్ళ కుటుంబమే పనిచేసింది కాబట్టి అక్కడ ప్రతి మూలా ఆమెకు తెలుసు. పాత పూత ఏది, కొత్త పూత ఏది, ఏది వానాకాలంలో తొందరపడి పూసింది, అన్నీ అరచెయ్యి ఆనించి చెప్పేది. దూలమనేది లేకుండా రాయీ ఇటుకా సున్నంతోనే అన్ని అంతస్తులు ఎలా నిలబడ్డాయో నేను ఆమె చెయ్యి పట్టుకునే నేర్చుకున్నాను. ఏ రాజు కట్టించాడని అడిగితే మాత్రం, "తెలీదు. రాజును నేను సూళ్ళేదు, సున్నాన్ని సూసినా" అనేది. తెలియనిది తెలియదని అంత సులువుగా చెప్పే మనిషిని నేను తర్వాత మళ్ళీ చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పెద్ద ఓడలు మళ్ళీ తిరగసాగాయి. దూరదేశాలకు పోయే ఓడలు మద్రాసు రేవులో రెండు మూడు రోజులు ఆగేవి. వాటిలోని దొరలను ఒక్క రోజులో పాత కోటలు చూపించి తిరిగి ఓడ ఎక్కించే పని వరదరాజులు అనే మనిషి పెట్టుకున్నాడు. ఒక కారు, దానిలో ఒక దొర, ఒక దొరసాని. అంతే, గుంపులు లేవు. తెల్లవారకముందే మద్రాసులో బయలుదేరి పుత్తూరు, వడమాలపేట దాటి, ఎండ ముదిరేసరికి కారు మా వీధిలో దుమ్ము లేపేది. దొరతో వరదరాజులే మాట్లాడుకునేవాడు. దొరసాని పక్కన ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని, ఇంగ్లీషు తెలిసిన పిల్ల ఉందని ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. అప్పుడు నాకు పద్దెనిమిది. నాయన చాలాసేపు ఆలోచించి, "మునెమ్మ వెంటుంటే పో పాపా. ఆమె సూపించనీ, నువ్వు చెప్పు" అన్నాడు. కోట చూపించడం ఆమె పని, ఆమె మాటను ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఇంతకంటే తేలికైన పని ఉండదనుకున్నాను.

రెండుసార్లు అలాగే చేశాను. రెండోసారి దొరలు కారు ఎక్కాక వరదరాజులు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా, సున్నం సున్నం అంటే వాళ్ళు నిద్రపోతారు. ఓడ దిగి ఇంత దూరం వస్తా ఉండేది సున్నం కోసరమా? వాళ్ళకు రాణులు కావల, కత్తులు కావల, కన్నీళ్ళు కావల. ఆ ముసిల్ది దాని పాట అది పాడనీ. నువ్వు నేను చెప్పింది చెప్పు. దానికేం తెలస్తాది?"

ఒక కాగితం మీద మూడు కథలు రాసిచ్చాడు. నేను కాదనలేదు. భయపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది నిజం కాదు. మునెమ్మవ్వ మాటలు నా నోట ఇంగ్లీషులో పలికేటప్పుడు నాకే కొంచెం చిన్నతనంగా ఉండేది. గానుగ, ఎద్దు, బొబ్బలెక్కిన చేతులు, ఇవా పరాయి దేశం వాళ్ళ ముందు పెట్టేది అనిపించేది. రాణి కథ చెబితే దొరసాని కళ్ళు నా ముఖం మీద నిలబడతాయి. అది కావాలనిపించింది నాకు.

మూడోసారి మాఘమాసంలో వచ్చిన దొరసాని మా అమ్మ వయసు మనిషి. గడ్డి టోపీ, చేతిలో చిన్న నోటు పుస్తకం. ఆమెను తలుచుకుంటే నాకు మరీ కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆమె మంచి మనిషి. మునెమ్మవ్వ గోడ మీద చెయ్యి పెడితే తానూ పెట్టేది. కరక్కాయ అంటే ఏమిటని అడిగి, నోటు పుస్తకంలో నా చేత దాని బొమ్మ గీయించుకుంది. ఆమెకు నిజం చెప్పినా వినేది. వరదరాజులుకు అది తెలియదు. నాకు తెలిసింది, తెలిసి కూడా చేశాను.

పై అంతస్తులో వెనకవైపు మూలకు వచ్చాక మునెమ్మవ్వ ఆగింది. ఆ రెండుసార్లూ అక్కడ ఆగకుండా పోయిన మనిషి, దొరసాని మర్యాద చూసి కాబోలు, ఆ రోజు ఆగింది. గోడకు అరచెయ్యి ఆనించి నావైపు తిరగకుండానే చెప్పింది.

"ఈ మూల పూత మా ఇంటాయనది పాపా. పూసేసి దిగతా ఉంటే సారం కట్టెలకు కట్టిన తాడు తెగింది. ఈడ్నించి ఆ కింద రాళ్ళ మింద పడినాడు. పూత తడి ఆరకముందే పోయినాడు. ఆయమ్మకు చెప్పు."

వెనక నిలబడ్డ వరదరాజులు నాకు కనుబొమలతో సైగ చేశాడు. నేను దొరసానితో చెప్పాను. శత్రువులు కోటలో జొరబడితే మానం కాపాడుకోవడానికి ఒక రాణి ఇక్కడి నుంచి కిందికి దూకిందని, ఆమెను తలుచుకుని ఈ ముసలామె ఇక్కడ చెయ్యి ఆనిస్తుందని. రెండో మాట కాగితంలో లేదు. అది నా సొంతం.

దొరసాని కిందికి చూసింది. కళ్ళు నిండాయి. టోపీ తీసి చేత పట్టుకుని, గోడకు తన చెయ్యి కూడా ఆనించింది. మునెమ్మవ్వ ఆమెను చూసి కదిలిపోయింది. భర్త పోయి పదేళ్ళయినా నలుగురి ముందు కన్నీరు పెట్టని మనిషి, చెంగుతో కళ్ళు అద్దుకుని దొరసాని మోచెయ్యి పట్టుకుంది.

"యా దేశమో, ఎవురి బిడ్డో. మా ఇంటాయన కోసరం ఏడస్తా ఉండాది సూడు పాపా. ఏడవద్దని చెప్పు."

దొరసాని నోటు పుస్తకం తెరిచి నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఏమంటాది?" అంది మునెమ్మవ్వ. "పేరు అడుగుతా ఉండాది అవ్వా" అన్నాను. రాణి పేరు అని అనలేదు.

మా వైపు ఇల్లాలు భర్త పేరు నోటితో పలకదు. పలికితే ఆయన ఆయుష్షుకు మంచిది కాదంటారు. ఆయుష్షు తీరిపోయాక కూడా మునెమ్మవ్వ ఆ నియమం వదల్లేదు. రేషను కార్డు రాసే గుమాస్తా అడిగినప్పుడు కూడా నన్ను తోడు తీసుకుపోయి నా నోటనే చెప్పించింది.

"నేను చెప్పగూడదు గదా. నువ్వు చెప్పు పాపా. గెట్టిగా చెప్పు, నా చెవిన కూడా పడనీ" అంది.

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. "చెంగల్రాయుడు" అన్నాను. దొరసాని అక్షరం అక్షరం అడిగి, రాణి పేరుగా రాసుకుంది. మునెమ్మవ్వ ఆ పెన్ను కదలడం చూస్తూ నిలబడింది. ఆ ముఖంలోని వెలుగు నేను చూడలేకపోయాను.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె వీధిలో కనిపించిన ప్రతి ఒక్కరినీ ఆపి చెప్పింది. మా ఇంటాయన పేరు దొరసాని సొంత చేత్తో రాసుకుంది, ఓడెక్కి పోయింది ఆ పేరు అని. మా అమ్మకు చెప్పింది, నాయనకు చెప్పింది. నాయన నన్ను మెచ్చుకున్నాడు. రోజూ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు రేపు చెప్పేస్తాను స్వామీ అని మొక్కుకునేదాన్ని. తెల్లవారితే నోరు వచ్చేది కాదు.

నెల తిరక్కుండానే ఇంకో కారు వచ్చింది. ఈసారి ముసలి దొరా ముసలి దొరసానీ. మేమందరం ఆ మూలకు చేరగానే మునెమ్మవ్వ ఉత్సాహంగా ముందుకు వచ్చింది. అప్పుడు వరదరాజులు నవ్వాడు.

"కానియ్ కానియ్. నీ మొగుణ్ణి రాణిని చేసి ఓడెక్కించినాము గదా మునెమ్మా, ఈసారి ఏం చేయమంటావు? యువరాణిని చేద్దామా?"

కారు తోలే మనిషి కూడా నవ్వాడు. ఒక చచ్చిపోయిన మేస్త్రి మీద, అతడి భార్య ముందు, అతడు పూసిన గోడ నీడలో నిలబడి నవ్వారు. మునెమ్మవ్వకు వెంటనే అర్థం కాలేదు. నావైపు తిరిగింది.

"పాపా, ఈయప్ప చెప్పేది ఏంది?"

నేను చెప్పాను. రాణి అని చెప్పానని, పేరు రాణి పేరుగా రాసుకుందని. ఎంత సన్నగా చెప్పానో నాకే వినిపించలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. నేను ఇంకా మాట్లాడబోతే చెయ్యి ఎత్తి ఆపింది. గోడకు వీపు ఆనించి, ఆ ముసలి దంపతుల ఎదుట నిటారుగా నిలబడింది.

"చెంగల్రాయుడు" అంది. తన నోటితో. మళ్ళీ అంది. "చెంగల్రాయుడు. నా మొగుడు. మేస్త్రి. ఈడ పడి సచ్చిపోయినాడు. రాణీ కాదు, గీణీ కాదు."

అప్పుడు నావైపు చూసి అంది. "నీ నోరు నమ్మి నా నోరు కట్టుకుంటి. ఇంగ నీతో పన్లేదు పాపా. నా నోరు నాకుండాది."

అప్పుడు నేను ఆ దంపతులతో చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే చెప్పాను. నేను ముందు చేసింది కూడా చెప్పాను. వరదరాజులు నా మాటకు అడ్డం వచ్చి, "ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలింది" అని ఇంగ్లీషులో అన్నాడు. ముసలి దొరసాని అతడిని ఊరుకోమని, చివరి దాకా వింది. మునెమ్మవ్వ ఉండి వినలేదు. అప్పటికే మెట్లు దిగిపోయింది. వరదరాజులు మళ్ళీ మమ్మల్ని పిలవలేదు. తిరుచానూరు నుంచి ఎవరినో తెచ్చుకుని అవే కథలు చెప్పించాడని విన్నాను.

ఆ ఏడే మా వంటింటి గోడకు పూత వెయ్యడానికి మునెమ్మవ్వ వచ్చింది. సున్నం గురించి అడిగితే ఎప్పటిలాగే ఓపికగా చెప్పింది. కాళ్ళ మీద పడి ఏడిస్తే, "లెయ్, చీరకు సున్నం అంటతాది" అంది. మళ్ళీ గోడ వైపు తిరిగి పూత అందుకుంది. తర్వాత ఎన్నడూ తన తరఫున ఏదీ నా చేత చెప్పించలేదు. గుమాస్తా ముందైనా, డాక్టరు ముందైనా, ఆ పేరు తానే చెప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ ఒక క్షణం కళ్ళు మూసుకునేదని మా అమ్మ అనేది. ఆమె నన్ను క్షమించలేదు. అందుకు కూడా నేను స్వామికి దణ్ణం పెట్టుకుంటాను. క్షమించి ఉంటే నేను హాయిగా మరిచిపోయేదాన్ని. వరదరాజులును క్షమించమని మాత్రం ఆ స్వామి కూడా నన్ను అడగడనుకుంటాను. ఏ దేశంలోనో ఏ బీరువాలోనో ఆ నోటు పుస్తకం ఉండే ఉంటుంది. దానిలో మా ఊరి మేస్త్రి ఇంకా రాణిగానే ఉన్నాడు. దాన్ని దిద్దే దారి నాకు లేదు.

చుట్టాలెవరైనా వచ్చి కోట చూస్తామంటే నేనే తీసుకుపోతాను. మోకాళ్ళు సహకరించకపోయినా ఆ పై మూల దాకా ఎక్కుతాను. ఎవరు పూశారో, ఎక్కడ పడ్డాడో, అతడి భార్య చేత ఆ పేరు పలికించింది ఎవరో చెబుతాను. చెప్పే ప్రతిసారీ ఆ చివరిది మాత్రం వరదరాజులు మీదికి తోసెయ్యాలనిపిస్తుంది. అతడి పేరు నాలుక దాకా వస్తుంది. అప్పుడు నా తప్పుతోనే మొదలుపెట్టి చెబుతాను.