నాలుగో బొమ్మ

దయ్యాల కథలు చెప్పి పలాసలో సగం మందిని భయపెట్టినవాణ్ణే గానీ, ఒక్క దయ్యాన్నీ నమ్మినవాణ్ణి కాను. కథ కట్టేది నేనే అయినప్పుడు ఎలా నమ్ముతాను? సుమ్మాదేవి స్టేషన్లో ఆగని రైలు నా కోసం ఆగితే, తలలేని గార్డు నన్ను చెయ్యి పట్టి ఎక్కించుకున్నాడన్నదీ నా కథే. ఇది మాత్రం కట్టింది కాదు.

పలాసలో ఒక స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో ఆ స్కానింగులే ఎక్కువ. డాక్టరు గారు కొత్త స్కానింగు బొమ్మ మీద, కిడ్నీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీస్తారు. ఆ గీతను అదే మనిషి పాత బొమ్మకు కలపడం నా పని. ఒకే గీత రెండింటి మీదా కనిపిస్తే కిడ్నీ ఎంత కుంచించుకుపోయిందో తెలుస్తుంది. ఆ గీత ఎన్ని బొమ్మలకు కలిసి ఉందో పక్కన అంకె పడుతుంది.

మా అక్క మొగుడు డొంకూరులో చేపల వేటకు వెళ్ళే మనిషి. మా వైపు కుశలం కంటే ముందు, కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. బావది పెరుగుతూ వచ్చింది. డయాలసిస్ మొదలైతే ఇక పడవ ఎక్కలేనని ఆయన భయం. ఆ ఒక్క భయమే.

ఎండాకాలంలో స్కానింగుకు వచ్చాడు. గీత కలిపాను. పాత బొమ్మలో కిడ్నీ గీతను దాటి ఉంది. కొత్తదానిలో గీతకు సరిపోయింది. అంకె మాత్రం రెండు కాదు, మూడు చూపించింది.

మూడోది తెరిచాను. బావ పేరే. తేదీ లేదు. అందులో కిడ్నీ ఇంకా కుంచించుకుపోయి, గీత రెండు చివరలకూ అందలేదు.

ఎవరిదో పొరపాటున కలిసిందనుకుని తీసేశాను. మళ్ళీ వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఫోన్ చేస్తే, లోపల ఉన్నవి రెండే బొమ్మలన్నారు. ఫోను పెట్టేసరికి నా దగ్గరా అంకె రెండుకు దిగింది.

బావకు చెప్పాను.

"ఆ పొటో రైలు గార్డు తీసినాడేటి?" అని నవ్వాడు. డాక్టరు గారూ నవ్వారు. నా మాటకున్న విలువ అది.

వానలు పడ్డాక బావ మళ్ళీ వచ్చాడు, కాళ్ళు వాచి. తెర మీద పడిన బొమ్మ ఎండాకాలంలో నేను చూసిన ఆ తేదీ లేని బొమ్మే. పాత గీత కలిపితే, రెండు వైపులా అదే ఖాళీ. డాక్టరు గారు ఇక డయాలసిసే అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

"ఈపాలి అంకె ఎంతొచ్చింది బామ్మర్దీ?"

మూడు రావాలి. నాలుగు వచ్చింది. తెర నా వైపు తిప్పుకుని తెరిచాను. నాలుగో బొమ్మలో గీత ఉంది. దాని వెనక ఏమీ లేదు. నలుపు.

"ఏటుంది?"

"బాగుంది బావా. కోలుకున్నట్టే ఉంది."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నన్నే చూశాడు. "నీ కతలన్నీ ఇన్నాను. ఇదొక్కటే నీకు సెప్పడం రానేదు," అన్నాడు.

ఇప్పుడు డయాలసిస్‌కు పలాస వచ్చినప్పుడల్లా మా సెంటర్ మెట్ల మీద కూర్చుని, ఏదైనా సెప్పు అంటాడు. రైలు కథే చెబుతాను. నవ్వుతాడు. ఆ బొమ్మలు ఎక్కడివో నాకు అంతుపట్టలేదు. మెట్లు దిగి ఆయన వెళ్ళాక, అంకె మూడుకు దిగిందేమోనని ఆయన పేరు తెరిచి చూస్తాను. అంకె ఇంకా నాలుగే.