ఫోన్‌లో కనబడ్డ ఎర్ర గుర్తు

ఐదేళ్ల నుంచి ఒక మాటను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అత్త ఆర్మూరు చుట్టుపక్కల రైతులకు పసుపు పనికి ఆడకూలీలను కూర్చేది. రైతులు ఫోన్ చేస్తే, ఇరవై మందిని వెంటేసుకుని పోయేది. అంకాపూర్ దాకా ఆమె మాటంటే మాటే. వినికిడి తగ్గాక రెండు చెవులకూ మిషన్లు పెట్టించాం. నా ఫోన్‌లోని యాప్‌లో ఒక బటన్ నొక్కితే, అవి తమను తామే పరీక్షించుకుని ఎక్కడ లోపముందో చూపిస్తాయి.

ఐదేళ్ల కిందట ఆమె పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కనే రోజంతా నిలబడింది. రెండు వారాలకే ఫోన్‌లో మాటలు అందడం లేదంది. పరీక్ష చేయమంది. చేశాను. అన్నీ పచ్చగా ఉన్నాయి, మైక్ దగ్గర మాత్రం ఎర్ర గుర్తు. మూసుకుపోయిందని, బ్రష్‌తో దులపమని కింద రాసి ఉంది. పసుపు దుమ్ము! రెండు నిమిషాల పని. బ్రష్ నా పక్కనే ఉంది.

"ఏమంటున్నదే ఫోను?" అనడిగింది.

"మిషన్ మంచిగనే ఉంది అత్తమ్మా. నీ చెవులే ఇంకింత తగ్గినయ్."

"గట్లనా. అయితే ఇగ ఫోన్లు నువ్వే ఎత్తు బిడ్డా. గుంపును గూడ నువ్వే చూస్కో." తన ఫోన్ నా ఒళ్లో పెట్టింది.

ఎందుకన్నాను? కోపమా? కాదు, ఆమె నన్ను ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. పదకొండేళ్లు ఆమె వెనక నడిచిన నాకు, ఒక్కసారి ముందు నడవాలనిపించింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో, దొరకలేదు.

పసుపు పని ముగిశాక ఆ మైక్‌ను దులిపాను. దవాఖానలో మిషన్ల సౌండ్ పెంచారని ఇంకో అబద్ధం. ఆమెకు మళ్లీ అన్నీ వినబడ్డాయి. ఫోన్ వెనక్కి అడుగుతుందేమోనని నేను భయపడ్డాను. అడగలేదు, పనికి రావడమూ మానేసింది. చెవులు మళ్లీ ఎప్పుడు మోసం చేస్తాయోనని ఆమె భయం. కోడలు తనకంటే మంచిగా నడిపిస్తోందని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ ఏడు ఆమె చెవులు తగ్గలేదు. ఇది ఆమెకు చెప్పాలి. ఇప్పుడైతే గుసగుసగా చెప్పినా వింటుంది. అందుకే నోరు రావడం లేదు. మీకైతే చెప్పేశాను, నాకు కొంచెం ఊపిరాడుతోంది. ఆమె మాత్రం ఇవాళ కూడా పనికి పోలేదు.