కుచ్చిళ్ళ కుడుములు

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనేవారు. జాకెట్లు కుట్టడంలో ఎంత చేయి తిరిగినదో, పండుగ నైవేద్యానికి కుడుములు చేయడంలోనూ అంతే. ఉడకబెట్టిన బియ్యప్పిండిని పల్చగా వత్తి, మధ్యలో కొబ్బరీ బెల్లం పూర్ణం పెట్టి, అంచులు కుచ్చిళ్ళలా మడిచి పైన ముడి వేసేది. ఒక్క మడత వంకరపోయేది కాదు.

ఆ ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నడకా మాటా తిరిగి వచ్చాయి గానీ చెయ్యి మాత్రం వేళ్ళు ముడుచుకుని అలాగే ఉండిపోయింది. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ఆమెను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. ఆ ప్రేమకే ఆమెకు ఊపిరాడేది కాదు.

పండుగ ఉదయం కోడలు కుడుముల అచ్చు కొనుక్కొచ్చింది.

“మీరు కూర్చుని చెప్పండత్తయ్యా, నేను చేస్తాను.”

“చెప్పడానికి నోరుంది సరే, చేయడానికి ఇంకో చెయ్యి కూడా ఉందిగా,” అంటూ ఆమె పీట లాక్కుంది.

ఎడమచేత్తో వత్తిన మొదటిది చిరిగింది. రెండోదాంట్లోంచి పూర్ణం జారి చీర మీద పడింది. ఇంకోటి ముడి దగ్గర విచ్చుకుంది.

“దేవుడు ఆకారాలు చూడడులే, ఉండలు చేసి పడెయ్యి,” అన్నాడు భర్త గుమ్మంలోంచి.

“దేవుడు చూడకపోతే పోనీ, మీరూ చూడకండి.”

పిండి చల్లారితే పగులుతుంది. కోడలు అచ్చు అందుకోబోయింది. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసింది. ముడుచుకున్న వేళ్ళు దొప్పలా ఉన్నాయి. పిండి పొరను అందులో వేయబోయింది.

“ఆ చేతికి వేడి తెలియదత్తయ్యా, బొబ్బలెక్కుతుంది.”

“అయితే తడిగుడ్డ మడిచి వెయ్యవే.”

గుడ్డ మీద పొర కుదురుగా కూర్చుంది. ఆమె పూర్ణం పెట్టి, ఎడమ బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా మడతలు వేసుకుంటూ వెళ్ళింది. కుడిచెయ్యి పొరను కదలకుండా పట్టుకుంది. ముడి పడింది. కోడలు వంగి చూసింది. విచ్చుకోలేదు.

ఆవిరి మీది పళ్ళెం దించాక చూస్తే ఒక్కటీ పగల్లేదు. మునుపటంత పల్చగా లేవు. మడతలు ఎప్పుడూ తిరిగే వైపు కాక రెండోవైపు తిరిగాయి. అయినా పువ్వుల్లా ఉన్నాయి. దేవుడి ముందు పెట్టి అందరూ దండం పెట్టుకున్నారు. భర్త ఒకటి తిని రెండోది తీసుకున్నాడు.

ఇరుగుపొరుగుకు పంచుతూ కోడలు, ఎవరూ అడగకముందే, “మా అత్తయ్య చేశారు,” అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. అరుగు మీద కూర్చున్న ఆమె ఆ మాట వినపడనట్టే, తన వాటా కుడుమును తీరిగ్గా కొరుక్కు తింది.